సభ్యులతో సంబంధం లేని సంఘం ఎక్కడుంది?

సంపాదకులకు,

అయ్యా, పాలకమండలి ఎన్నిక రోజున మా క్రైస్తవ సంఘ మందిరం ఆవరణలో జరిగిన గొడవను మీ పత్రిక వార్తగా వేసింది. అది చదివి తల దించుకున్నాను గానీ మీకు ఉత్తరం రాయాలని అనిపించలేదు. జరిగిందే రాశారు. నాకు కోపం తెప్పించింది రెండు రోజుల తరువాత మీరే ప్రచురించిన సంఘ కార్యదర్శి వివరణ. గొడవ కొందరి వ్యక్తిగత వ్యవహారమట, దానితో సంఘానికి ఏ సంబంధమూ లేదట, సంఘం పరువు తీసే వార్తలు రాయవద్దట. పేపరు మడిచి పక్కన పెట్టి ఊరుకుందామని చాలా ప్రయత్నించాను. ఊరుకోలేకపోయాను.

ఒకరి చొక్కా ఒకరు పట్టుకున్నవారు దారిన పోయేవారు కారు. వారిలో ఒకరు ఆ ఉదయమే ఆరాధనలో వాక్యం చదివారు. మరొకరు కానుకల పళ్లెం పట్టుకుని వరుసల మధ్య తిరిగారు. పాట పాడుతున్నంతసేపు వాళ్లే సంఘం, చెయ్యి ఎత్తగానే ఎవరో కొందరు వ్యక్తులు అంటే ఎవరు నమ్ముతారు? గేటు బయట నిలబడి చూసిన జనం వాళ్లను పేరు పెట్టి గుర్తుపట్టలేదు. ఫలానా గుడివాళ్లు కొట్టుకుంటున్నారు అనే అన్నారు. వాళ్ల మాటే నిజం, కార్యదర్శి గారి మాట నిజం కాదు.

వివరణపై సంతకం చేసిన పెద్దలు, బైబిలులో అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక (అంటే లేఖ) అయిదో అధ్యాయం ఎన్నిసార్లు విని ఉంటారో! తండ్రి భార్యతో ఉంటున్న ఒక మనిషి సంగతి అందులో ఉంది. పౌలు ఆ మనిషిని ఉద్దేశించి ఒక్క మాటా రాయలేదు. మీరెందుకు దుఃఖపడలేదని అడిగింది సంఘం మొత్తాన్ని. కొంచెం పులిసిన పిండి ముద్దంతటినీ పులియజేస్తుందని హెచ్చరించిందీ సంఘాన్నే. ఇది ఫలానావాడి సొంత విషయం, మాకేం సంబంధం అనే అవకాశం ఆయన ఎవరికీ ఇవ్వలేదు. ఆరో అధ్యాయానికి వస్తే, సహోదరుని మీద సహోదరుడు న్యాయస్థానానికి ఎక్కుతున్నందుకు మళ్లీ అందరికీ చీవాట్లు. పదకొండో అధ్యాయం ఇంకా తీవ్రం. ఉన్నవాళ్లు ముందుగా వచ్చి కడుపునిండా తిని, తాగి మత్తెక్కి ఉంటే లేనివాళ్లు ఆకలితో కూర్చుంటున్నారు. అది చూసి పౌలు ఏమన్నాడు? మీరు కూడి వచ్చి తినేది ప్రభువు రాత్రి భోజనమే కాదన్నాడు. క్రీస్తు జ్ఞాపకంగా రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆ భోజనాన్నే మేము బల్ల అంటాం. రొట్టె ఉంది, పాత్ర ఉంది, ప్రార్థన కూడా ఉండే ఉంటుంది. అయినా పక్కవాడి పట్ల వాళ్ల ప్రవర్తన వల్ల ఆ బల్ల ప్రభువు బల్ల కాకుండా పోయింది. గొడవ జరిగిన మరుసటి ఆదివారమే మా మందిరంలో ఏమీ జరగనట్టు బల్ల సిద్ధం చేశారు. కొట్టుకున్న రెండు వర్గాలూ వచ్చి అందులో పాలుపంచుకున్నాయి. ఒకరినొకరు క్షమాపణ కోరిన దాఖలా లేదు. కోరమని పాస్టరు గారూ చెప్పలేదు.

బైబిలు చివరి పుస్తకమైన ప్రకటన గ్రంథంలో ఏడు సంఘాలకు రాసిన లేఖలున్నాయి. వాటిలో పెద్ద పట్టణాల సంఘాలూ ఉన్నాయి. అయినా ఒక్క లేఖలోనూ మందిరం ఎంత పెద్దదన్న మాట లేదు, సభ్యులెందరన్న లెక్క లేదు. ప్రతి సంఘాన్నీ దాని మనుషుల నడతను బట్టే గుర్తుపట్టాడు ప్రభువు. స్ముర్నవాళ్లు దరిద్రులు, కానీ ధనవంతులన్నాడు. లవొదికయవాళ్లు మాకేమీ కొదువ లేదనుకున్నారు, వాళ్లను దిక్కుమాలినవారన్నాడు. సార్దీస్ సంఘానికి జీవిస్తున్నదన్న పేరుంది, లోపల చచ్చిపోయింది. అయితే అదే సార్దీస్‌లో వస్త్రాలు మలినం చేసుకోనివారు కొందరున్నారని కూడా అక్కడే రాసి ఉంది. మా సంఘంలోనూ అటువంటివారున్నారు. వార్త చూసి వాళ్లు పడిన బాధ నాకు తెలుసు కాబట్టే ఇంత నొప్పితో రాస్తున్నాను.

ఒక పెద్దావిడ ఉన్నారు. పేరు చెబితే ఆమెకు నచ్చదు. ఆసుపత్రిలో ఎవరూ తోడు లేని రోగి ఉన్నాడని తెలిస్తే చాలు, అతనిది ఏ మతమని అడగకుండా వెళ్లి రాత్రంతా మంచం పక్కన కూర్చుంటారు. తెల్లవారి అతని ముఖం తుడిచి, పక్క సర్ది ఇంటికి వస్తారు. ఆమె పాలకమండలిలో లేరు, ఎప్పుడూ లేరు. కానీ మా గుడి పేరు వినగానే ఆ ఆసుపత్రి నర్సులకు గుర్తొచ్చేది ఆమే. బైబిలులో, యొప్పే పట్టణంలో దొర్కా అనే శిష్యురాలు చనిపోయినప్పుడు విధవరాండ్రు ఏడుస్తూ, ఆమె కుట్టిచ్చిన అంగీలనూ వస్త్రాలనూ అపొస్తలుడైన పేతురుకు చూపించారు. యొప్పేలోని శిష్యుల గురించి మనకు తెలిసిందల్లా దాదాపు ఆ బట్టలే.

బయటివాళ్లు కూడా మొదటినుంచీ ఇలాగే చూశారు. క్రీ.శ. 112 ప్రాంతంలో రోమా గవర్నరు ప్లినీ క్రైస్తవులను పట్టుకుని విచారించి, వాళ్లు చెప్పింది ట్రాజన్ చక్రవర్తికి రాసి పంపాడు. నియమిత దినాన తెల్లవారకముందే కూడుకుని క్రీస్తును దేవునిగా కీర్తిస్తారట. దొంగతనం, దోపిడీ, వ్యభిచారం చేయబోమనీ, మాట తప్పబోమనీ, నమ్మి దాచుకున్న సొమ్ము తిరిగి అడిగితే లేదనబోమనీ ప్రమాణం చేస్తారట. ఆ తరువాత నాలుగో శతాబ్దంలో, క్రైస్తవమంటే గిట్టని జూలియన్ చక్రవర్తి తన పూజారికి రాస్తూ, ఈ గలిలయులు (క్రైస్తవులను అతను పిలిచిన పేరు) తమ పేదలనే కాక మన పేదలను కూడా పోషిస్తున్నారని వాపోయాడు. శత్రువు కూడా ఒప్పుకోవలసి వచ్చిన మంచిపేరు అది. దాన్ని సంపాదించింది పత్రికా ప్రకటనలతో కాదు.

ఇలా అంటే మా పెద్దల దగ్గర ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది. సంఘం క్రీస్తు మీద కట్టబడింది, మనుషుల మంచితనం మీద కాదు, మనమందరమూ పాపులమే అంటారు. నిజమే. పాపులు లేని సంఘం కావాలని నేను అడగడం లేదు. అన్ని తప్పులున్న కొరింథువాళ్లను కూడా పౌలు మొదటి అధ్యాయంలో పరిశుద్ధులుగా పిలవబడినవారు అనే పలకరించాడు. కానీ ఆ పిలుపుకు తగ్గట్టు మారమని మిగిలిన ఉత్తరమంతా వెంటపడ్డాడు. మీలో కొందరు ఒకప్పుడు దొంగలు, తాగుబోతులు, ఇప్పుడు కడగబడ్డారు అన్నాడు. ఒకప్పుడు అన్న ఆ మాటను మావాళ్లు వదిలేశారు. దేవుని కృప గురించిన వాక్యాన్ని, లెక్క చెప్పకుండా తప్పించుకోవడానికి వాడుకోవడం నాకు ఆ గొడవ కంటే ఎక్కువ భయం కలిగిస్తోంది.

అసలు ఈ ఎన్నికల తీరే వేరు. అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయంలో, భోజనం వడ్డించే పని చూడడానికి కూడా మంచి పేరు పొందినవారిని ఏడుగురిని ఏర్పరచుకోమన్నారు. అధ్యక్షుడు, అంటే సంఘాన్ని నడిపేవాడు, సంఘానికి వెలుపలివారి చేత కూడా మంచి సాక్ష్యం పొందినవాడై ఉండాలని తిమోతికి రాసిన మొదటి పత్రిక చెబుతుంది. మా నామినేషన్ పత్రంలో అడిగేవి సభ్యత్వ సంఖ్య, చందా బాకీ. అంతే. ఆయన దగ్గర పనిచేసేవాళ్లకు జీతం వేళకు ఇస్తాడా, అప్పు తీసుకుంటే తీరుస్తాడా, పొరుగువాడితో ఎలా ఉంటాడు అని ఎవరైనా విచారించారా? ఎన్నికకు ముందు నెలలో జాబితాలో కొత్తగా చేరిన పేర్ల మీద ఉన్న శ్రద్ధలో పదో వంతు దీని మీద లేదు. వెనకటికి వేరే చోటినుంచి సభ్యుడు వస్తే అక్కడి పాస్టరు గారి ఉత్తరం చూసి చేర్చుకునేవారు. ఇప్పుడు ఎవరి వర్గమని చూసి చేర్చుకుంటున్నారు.

లెక్కల సంగతీ అంతే. మా పాత కోశాధికారి కానుకలను మరో ఇద్దరి ఎదుట లెక్కించి, వచ్చే ఆదివారం చివరి నాణెంతో సహా చదివి వినిపించేవారు. ఒకసారి లెక్క తప్పు పోతే ఆయనే లేచి చెప్పి సరిదిద్దారు. చందా డబ్బు విషయంలో తన మీద ఎవరూ తప్పు మోపకూడదని పౌలు కూడా తన తోటి పనివాడైన తీతుతో పాటు సంఘాలు నమ్మిన మరో సహోదరుణ్ణి పంపాడు. ఇప్పుడు నోటీసు బోర్డు మీద లెక్కల కాగితం కనబడి ఎంత కాలమైందో నాకు గుర్తు లేదు. అడిగినవాళ్లను గొడవ పెట్టేవాళ్లంటున్నారు. పైవాళ్లకు ఫిర్యాదు పంపితే అందినట్టు చీటీ కూడా రాదు. మా సంఘ కేంద్ర కార్యాలయంలో పదవుల పంపకానికి ఉన్న తీరిక, సభ్యుల మొర వినడానికి ఉండదు. దేశంలో ఏ ఆఫీసుకు వెళ్లినా ఇదే పద్ధతి అని సరిపెట్టుకోమంటారు. దేవుని మందిరంలో కూడా సరిపెట్టుకోవాలా?

ఇంకొకటి చెప్పి ఆపుతాను. పండుగ ఆరాధనకు ఒక కొత్త తల్లి చంకలో బిడ్డతో వచ్చి ముందు వరుసలో ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చుంది. మా సభ్యుడొకరు వచ్చి, ఇది కమిటీవారిది, వెనక్కి వెళ్లమన్నారు. వెనక చోటు లేదు. ఆమె గోడ పక్కన కాసేపు నిలబడి, బిడ్డ ఏడవగానే చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది. యాకోబు పత్రిక రెండో అధ్యాయంలో బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి చోటు, పేదవాడికి కాళ్ల దగ్గర చోటు అని ఉన్నది సరిగ్గా ఇదే. మా బోర్డు మీద ఏ పేరు రాసి ఉన్నా, ఆమెకు సంబంధించినంత వరకు ఆ కుర్చీ లాక్కున్నవాడే మా సంఘం.

కాబట్టి కార్యదర్శి గారిని నేను అడిగేది ఇది. మీరు పత్రికకు పంపిన వివరణను వెనక్కి తీసుకోండి. జరిగినది సంఘమే చేసిందని ఆరాధనలో అందరి ముందు ఒప్పుకోండి. గొడవపడిన ఇరువర్గాలూ సమాధానపడేవరకు బల్ల ఆపండి. ఎన్నిక మళ్లీ జరిపే ముందు అభ్యర్థుల పేర్లు గేటు బయట అంటించి, అభ్యంతరాలుంటే చెప్పమని బయటివాళ్లను కూడా అడగండి. లెక్కలు చదవండి. సంపాదకులకు కూడా ఒక మనవి: ఆ వివరణ ఎంత స్పష్టంగా కనిపించేలా వేశారో ఈ లేఖనూ అలాగే వేయండి. దీని ప్రతిని కార్యదర్శి గారికి పంపాను.

— ఒక సంఘ సభ్యుడు
(పేరు, చిరునామా పత్రిక కార్యాలయానికి తెలియజేశాను)