2024 వార్షిక నివేదిక: ఫ్లోరిడాలోని టాంపా బే తెలుగు కుటుంబాలకు

సభ్యులందరికీ నమస్కారం.

సంక్రాంతి ముగ్గులు, ఉగాది, వేసవి పిక్నిక్ ఎప్పటిలాగే బాగా జరిగాయి. సద్దుల బతుకమ్మ మాత్రం తుఫాను వల్ల రద్దు చేయాల్సి వచ్చింది. ఈసారి ఎక్కువగా తుఫానుల గురించే రాస్తున్నాం.

సెప్టెంబర్ 26న హెలీన్ తుఫాను వచ్చినప్పుడు మనలో చాలామందిమి ఇల్లు కదల్లేదు. ఆదివాసుల నాటి మట్టి దిబ్బలు ఈ ఊరిని కాపాడతాయని ఇక్కడి పాతవాళ్లు చెప్పుకుంటారు. 1921 తర్వాత పెద్ద తుఫాను ఏదీ నేరుగా తగలకపోవడంతో ఆ ధీమా మనకూ అంటుకుంది. నిజానికి హెలీన్ మన దగ్గర తీరం దాటలేదు. సముద్రం మీదుగానే ఉత్తరాన బిగ్ బెండ్ తీరం వైపు వెళ్లిపోయింది. అయినా ఉప్పెన ఇళ్లలోకి వచ్చేసింది. ఒక్క పినెలస్ కౌంటీలోనే 12 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది ఉన్నది ఖాళీ చేయమని ముందే చెప్పిన జోన్‌లోనే. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

రెండు వారాలు తిరక్కుండానే మిల్టన్ తుఫాను. గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో ఉండగా కేటగిరీ 5, అంటే అన్నిటికన్నా తీవ్రమైన స్థాయి. మన వాలంటీర్లు ఇంటింటికీ ఫోన్ చేసి ఒక్కటే అడిగారు: "మీది ఏ జోన్?" ఉప్పెన ముప్పును బట్టి ప్రాంతాలకు ఎ, బి, సి అంటూ పెట్టిన అక్షరమే జోన్. చాలామందికి తెలియలేదు. "మాది కొత్త ఇల్లండీ, గట్టిది" అన్నారు. ఇల్లు గాలికి తట్టుకోవచ్చు, కానీ జోన్ అక్షరం నీళ్ల గురించి చెబుతుంది. ఒక ఇంట్లో కొడుకు ఆఫీసు పని అంటూ ఆలోచిస్తుంటే, దివిసీమ నుంచి వచ్చిన తల్లి పట్టుబట్టి బయల్దేరదీశారు. "77లో మేమూ చూద్దాంలే అనుకున్నాం నాయనా. నీళ్లొచ్చాక చూడ్డానికేం ఉండదు" అన్నారట.

అక్టోబర్ 9 రాత్రి మిల్టన్ దక్షిణాన సియస్టా కీ దీవి దగ్గర తీరం దాటింది. మన బేలో ఉప్పెన రాకపోగా నీళ్లే వెనక్కి పోయాయి. "అనవసరంగా వెళ్లాం, హోటల్ డబ్బులు దండగ" అన్న మాట కొందరి నోట విన్నాం. కార్యవర్గానికి అసలు టెన్షన్ ఈ మాటతోనే. తుఫాను కొద్దిగా ఉత్తరానికి జరిగి ఉంటే ఆ నీళ్లు మన మీదికే వచ్చేవి.

అందుకే సభ్యుల జాబితాలో ఇకపై ప్రతి ఇంటి జోన్ కూడా రాస్తాం. ఎ, బి జోన్లలో ఉన్నవారు తుఫానుల సీజన్ మొదలయ్యే జూన్ 1 లోపు, అవసరమైతే ఎవరింటికి వెళ్తారో మాకు చెప్పండి. దూరంగా ఉన్న సభ్యులు ఒక గది ఇవ్వగలరేమో తెలియజేయండి. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటే వాళ్ల పేర్లూ రాయించండి.