వాగును మింగిన గుంట

కవిటి

ఒరేయ్ సత్యం,

జవాబు ఆలస్యమైందని తిట్టుకో, కానీ పూర్తిగా చదివాక తిట్టుకో. అమ్మ కులాసా. చిన్నది ఇంటర్ పాసయింది. కొబ్బరి ధర సంగతి అడగకు. ఇక అసలు విషయం.

అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని బోరు ఎక్కడ వేయాలో చూపించే మా పెదనాన్న గుర్తున్నాడు కదా? (మీ పెరటి సంగతి నేను ఎత్తను!) మొన్న రాత్రి ఆయనకు అమ్చిట్కా కథ చెప్పాను. అలాస్కాలో ఒక ద్వీపం అది. 1971 నవంబరు 6న అమెరికా వాళ్ళు అక్కడ నేలకు దాదాపు 1,800 మీటర్ల లోతున 5 మెగాటన్నుల (అంటే యాభై లక్షల టన్నుల టీఎన్‌టీ మందుగుండంత) అణుబాంబును పరీక్షకని పేల్చారు. దానికి క్యానికిన్ అని పేరు పెట్టారు. అంత లోతున పేలితే పైన పారే వాగుకు ఏమవుతుందిలే అనుకుంటాం కదా! పేలుడు వేడికి రాయి ఆవిరై, కరిగి లోపల పెద్ద గుల్ల పడింది. తర్వాత దాని కప్పు కూలింది, ఆ పైనున్న రాయి కూలింది, దాని పైది... చివరికి నేల మీదే గుంట పడింది. పక్కన పారుతున్న వైట్ ఆలిస్ వాగు అందులోకి దిగిపోయింది. నీళ్ళు ముందు ఆ పగిలిన రాళ్ళలోకి ఇంకాయి, తర్వాత గుంట నిండి సరస్సయింది. ఈ రోజుకీ ఉంది, క్యానికిన్ సరస్సు.

పెదనాన్న చుట్ట పక్కన పెట్టి, "మరి అడుగున ఉన్న విషమో?" అన్నాడు. చదువుకున్న మనకు ఈ ప్రశ్న ఎందుకు తట్టదురా?

ఆ విషం, అదే రేడియోధార్మిక పదార్థం, చాలావరకు కరిగిన రాయి చల్లారి గాజులా బిగుసుకున్నప్పుడు అందులోనే చిక్కుకుంటుందని చెప్పాను. అందులో ట్రిటియం అనేది మాత్రం అలా కాదు. అది రేడియోధార్మికత ఉన్న హైడ్రోజనే కాబట్టి నీటిలో నీరై వెళ్ళిపోతుంది, ఏ వడపోతకూ చిక్కదు. అదే ద్వీపంలో 1965లో పేల్చిన లాంగ్ షాట్ అనే బాంబు తాలూకు ట్రిటియం పైన మడుగుల్లో తేలింది. అయినా అది పన్నెండేళ్ళకు పైచిలుకు కాలంలో సగానికి తగ్గుతుంది. బాంబులో వాడే ప్లుటోనియం అనే లోహానికైతే ఇరవై నాలుగు వేల ఏళ్ళు! అది రాయికి అతుక్కుని కదలదని నమ్మారు. అమెరికాలోనే నెవాడాలో 1968లో పేల్చిన బెన్‌హామ్ పరీక్ష ప్లుటోనియం 1.3 కిలోమీటర్ల అవతల బావి నీటిలో దొరికింది. కంటికి ఆనని సన్నటి రేణువులను పట్టుకుని భూగర్భజలంతో పాటు నడిచిందట. 1999లో ఈ సంగతి అచ్చయింది. దొరికింది అతి కొద్దిగానే, కానీ కదలదన్నది కదిలింది కదా.

ఇంతలో పక్కింటి మావయ్య, "మన ఉద్దానం కిడ్నీ జబ్బులకూ ఇదేనేమో" అన్నాడు. ఇక్కడ ఎవరూ బాంబులు పేల్చలేదు మావయ్యా, ఆ జబ్బుకు కారణం ఇంకా తేలలేదు అన్నాను. "తేలనప్పుడు ఇది కాదని నువ్వెలా అంటావు?" అని లేచి వెళ్ళిపోయాడు. ఆయన తమ్ముడికి డయాలసిస్ జరుగుతోంది. నేనింక ఏం మాట్లాడను?

పెదనాన్న మాత్రం వదల్లేదు. "నేను చూపిన చోట నీళ్ళు పడకపోతే ఊరంతా నా మీద పడుతుంది. వాళ్ళనెవరూ అడగలేదా?" అడిగారు పెదనాన్నా, కోర్టుకు కూడా వెళ్ళారు అన్నాను. క్యానికిన్‌ను ఆపమని వేసిన అర్జీని వాళ్ళ సుప్రీంకోర్టు, నలుగురు జడ్జీలు ఒకవైపు, ముగ్గురు ఇంకోవైపుగా, పేల్చిన రోజే తోసిపుచ్చింది. అది విని ఆయన అన్న మాట ఉత్తరంలో రాయదగ్గది కాదు. మన లెక్కల మాస్టారు వెనక బెంచీని అన్న మాటే అనుకో.

మన పోఖ్రాన్‌లో కూడా 1974లో అణుపరీక్షకు గొయ్యి తవ్వుతుంటే నీళ్ళు పడి, ఆ చోటు వదిలేసి ఇంకో చోట తవ్వారు. అప్పుడు ఏం చేశారంటే... అయ్యో, సోంపేట వెళ్ళే కుర్రాడు బయట హారన్ కొడుతున్నాడు, వాడి చేతికే ఇవ్వాలి. మిగతాది మళ్ళీ రాస్తాను.

నీ
మూర్తి