బుజ్జమ్మకు, పలాస నుంచి

బుజ్జమ్మా,

ఇక్కడ అందరం క్షేమం. గౌరి ఈనింది, పెయ్యదూడ. జీడితోటకి ఈసారి పూత బాగుంది, మంచు పట్టకపోతే చాలు. మంచంటే గుర్తొచ్చింది, నిన్న మీ చిన్నత్త ఫోనులో నీ ఫొటో చూపించింది. మీ కొలరాడోలో బెర్తూడ్ పాస్ అనే కొండ కనుమ అట, స్కీయింగుకి వెళ్లావట. నాకెందుకు పంపలేదని అడగను.

లిఫ్టు లేదు, కంచె లేదు, వెనకాల అంతా కొత్త మంచు. నీ టెన్త్ క్లాసు కోణమానిని వెతికి తీసి ఫోను మీద పెట్టి చూశాను. 36 డిగ్రీలు వచ్చింది. ఫొటోలో కోణం సరిగ్గా తెలీదని నాకూ తెలుసు. 30కీ 45కీ మధ్య వాలే మంచుచరియకి ఇష్టం, మీ స్కీయింగు వాళ్లకీ అదే ఇష్టం.

రాంబాబు పెళ్లి మాఘంలో ఖాయమైంది. నువ్వు రాలేవని చెప్పేశాను.

పోనీ ఒక సంగతి చెప్తాను. 1994 జనవరి, కార్గిల్ దగ్గర ద్రాస్ పైన మా ఆర్మీ పోస్టు. మూడు రోజులు ఆగకుండా కురిసి నాలుగో రోజు ఎండ కాసింది. కింద క్యాంపులో ఉత్తరాల సంచి వచ్చి ఉంది. కుర్రాళ్లందరం బూట్లు బిగించుకున్నాం. మా గఢ్వాలీ హవల్దారు మాత్రం పార పట్టుకుని ఒక చిన్న గట్టు దగ్గర నడుం లోతు గొయ్యి తవ్వాడు. మనాలిలో ట్రైనింగ్ అయినవాడు. గోడలోంచి అడుగు వెడల్పున ఒక దిమ్మె చెక్కి, దాని వెనక పార దింపి మెల్లగా లాగాడు. పై అడుగున్నర మంచు పెచ్చు సొరుగులా జారి ఆయన ఒళ్లో పడింది. దాని కింద మంచు పిడికెడు తీసి నా చేతిలో పోశాడు. కల్లుప్పు! ఎంత నొక్కినా ముద్ద కాలేదు, వేళ్ల సందుల్లోంచి రాలిపోయింది. "దీని మీద నడుస్తావా?" అన్నాడు.

వెళ్లనివ్వలేదు. తమాషా ఏమిటంటే ఆ వాలు కూలనే లేదు. వారం పాటు ఆయన్ని వెక్కిరించాం, అందరికంటే ఎక్కువ నేనే. కూలలేదు కాబట్టి భయం లేదనుకునే వయసు. ఆ సంచిలో నువ్వు పుట్టావని మీ తాత రాసిన కార్డు ఉంది. పన్నెండు రోజులు ఆలస్యంగా చదివాను.

మీ కొలరాడోలో ఆ కల్లుప్పు పొర చలికాలం మొదట్లోనే నేలని పట్టుకుని తయారవుతుంది. పల్చటి మంచు, మబ్బు లేని చలి రాత్రులు, అంతే చాలు. దాని మీద కొత్త మంచు బరువు పడితే, గాలి ఇంకాస్త తెచ్చి చాటు వాలు మీద పోస్తే, ఇక మనిషి కాలు మోపడమే తరువాయి. చిక్కుకున్నవాళ్లలో ఎక్కువమంది తామో తమ జట్టువాళ్లో కదిపినదాని కిందే పడతారు. కాలి కింద "వుమ్" అని కుంగినా, పగులు పరిగెత్తినా వెనక్కి తిరుగు. ముందు ఎవరో వెళ్లిన జాడలున్నాయని నమ్మకు.

లెక్చరు ఇవ్వకూడదనే మొదలుపెట్టాను. మంచుచరియల ప్రమాదం ఎంతుందో చెప్పే మీ కొలరాడో అవలాంచ్ సెంటర్ వాళ్ల సైటు రోజూ పొద్దున్నే చూస్తున్నాను, పేపరు కంటే ముందు. ఆ ఫొటో రోజు అక్కడ ప్రమాద స్థాయి మూడు ఉంది. అయిదులో మూడే కదా అనకు. నాలుగూ అయిదూ అంటే ఎవరూ గడప దాటరు, మూడంటేనే బయల్దేరతారు.

మంచు కింద పడితే జాడ చెప్పే బీకన్‌లో ఆల్కలైన్ బ్యాటరీలే వెయ్యి, పొదుపు చెయ్యకు. ఫోను దానికి కనీసం జానెడు దూరంలో పెట్టుకో. పారా, మంచులో గుచ్చి వెతికే కడ్డీ ప్రోబూ నీ సంచిలోనే ఉండాలి, స్నేహితుల సంచిలో కాదు. కప్పడిపోయినవాళ్లని పది పదిహేను నిమిషాల్లో పైకి తియ్యాలి, ఫోను చేస్తే వచ్చేవాళ్లు అంతలో రారు.

మీ అమ్మకి ఇవేవీ చెప్పలేదు, మోకాలి నొప్పితోనే ఉంది. రెండు కిలోల జీడిపప్పు పంపుతున్నాను, గుండు. వెళ్లిన రోజు దిగగానే ఒక్క మెసేజ్ పెట్టు. మీకు మధ్యాహ్నం మూడైతే మాకు తెల్లారుజాము మూడున్నర. గౌరికి పాలు పిండాలని ఎలాగూ లేచే ఉంటాను.

నాన్న