పాపాయి క్రోమోజోమ్ రిపోర్టు గురించి

చిట్టితల్లీ,

పాపాయి రిపోర్టు చూశాను. ‘47, ఎక్స్‌ఎక్స్, ప్లస్ 21’ అంటే మొత్తం క్రోమోజోములు 46కి బదులు 47, ఆడపిల్ల, 21వది రెండుండాల్సిన చోట మూడున్నాయి. డౌన్ సిండ్రోమ్ అంటే ఇదే.

‘నా వల్లే ఇలా అయిందా’ అని నిన్ను తొలిచేస్తున్న ప్రశ్నకు ముందు జవాబు చెప్తాను. అండం తయారయ్యేటప్పుడు ప్రతి జతా విడిపోవాలి. 21వ జత విడిపోకుండా రెండూ ఒకే అండంలోకి చేరిపోతే ఇలా అవుతుంది. అరుదుగా తండ్రి వైపు నుంచీ జరుగుతుంది. నువ్వు తిన్నది, మోసిన బరువు, పడిన దిగులు ఏవీ కారణం కాదు. తల్లి వయసు పెరిగేకొద్దీ అవకాశం పెరిగే మాట నిజమే, కానీ చిన్న వయసు తల్లులకూ ఇలాంటి పిల్లలు పుడతారు.

రిపోర్టులో ట్రాన్స్‌లొకేషన్ అన్న మాట లేదు. నూటికి ముగ్గురు నలుగురిలో ఆ అదనపు 21 వేరే క్రోమోజోముకు అతుక్కుని ఉంటుంది. అప్పుడైతే అమ్మానాన్నలిద్దరికీ క్రోమోజోమ్ పరీక్ష చేయాలి. మీకు ఆ అవసరం లేదు. రెండో బిడ్డకు వచ్చే అవకాశం సుమారు 1 శాతం, నీ వయసును బట్టి అంతకన్నా ఎక్కువైతే ఆ లెక్కే. దాని సంగతి జెనెటిక్ కౌన్సెలర్‌తో తీరిగ్గా మాట్లాడుకోవచ్చు.

ఇప్పుడు ఆలస్యం చేయకూడనిది గుండె. ఈ పిల్లల్లో దాదాపు సగం మందికి పుట్టుకతోనే గుండెలో లోపం ఉంటుంది. స్టెతస్కోపు పెట్టి ‘శబ్దమేమీ లేదు’ అన్నారని ఊరుకోకు. పుట్టిన కొత్తలో ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి ఎక్కువగా ఉంటుంది, అందుకే పెద్ద రంధ్రమున్నా శబ్దం రాకపోవచ్చు. ఎకో, అంటే గుండె స్కానింగ్, తీయించాల్సిందే. గదుల మధ్య పెద్ద రంధ్రం ఉంటే సాధారణంగా మొదటి ఆరు నెలల్లోపే ఆపరేషన్ చేస్తారు. బాగా ఆలస్యమైతే ఆ రక్తనాళాలు గట్టిపడి, ఆపరేషన్‌కే వీలు లేకుండా పోతుంది. పాలు తాగుతూ చెమట పడుతోందా, మధ్యలో అలసి ఆగిపోతోందా, బరువు పెరుగుతోందా గమనిస్తూ ఉండు.

నేను మరీ మరీ చెప్పేదొకటే: ఏ లక్షణాన్నీ ‘సిండ్రోమ్ వల్లే’ అని వదిలేయొద్దు, ఎవరినీ వదిలేయనివ్వొద్దు. థైరాయిడ్ తగ్గితే పిల్ల మందకొడిగా ఉంటుంది, మలబద్ధకం వస్తుంది, చర్మం పొడిబారుతుంది. ఇవన్నీ సిండ్రోమ్ ఖాతాలో వేసేస్తారు. మాత్రతో సరయ్యే లోపం అలాగే ఉండిపోయి మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. అందుకే టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష పుట్టినప్పుడు, 6వ నెలలో, ఏడాదికి, ఆ తర్వాత ఏటా. చెవి కూడా అంతే. ఈ పిల్లల చెవి మార్గాలు సన్నగా ఉంటాయి, కర్ణభేరి వెనక నీరు చేరుతుంది. వినపడక మాటలు రాని పిల్లను తెలివి తక్కువనుకోవడం ఎంత అన్యాయం!

కండరాలు మెత్తగా ఉంటాయి కాబట్టి ఫిజియోథెరపీ తొలి నెలల్లోనే మొదలుపెట్టించు. చాలామంది రెండేళ్ల ప్రాంతంలో నడుస్తారు. మాట కన్నా అర్థం చేసుకోవడం ముందుంటుంది, అందుకే చేతి సైగలు నేర్పు. సైగలు నేర్పితే మాటలు రావన్న భయం వద్దు.

పెద్దయ్యాక మెడ మీద కన్నేసి ఉంచాలి. పైన ఉండే రెండు ఎముకల మధ్య పట్టు వదులైతే వెన్నుపాము నలుగుతుంది. నడక మారినా, మెడ ఒక పక్కకు పెట్టుకున్నా, చేతి పట్టు తగ్గినా, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైనా ఆ రోజే డాక్టరుకు చూపించు. ఏ ఆపరేషన్‌కైనా మత్తు ఇచ్చే ముందు, మెడ ఎక్కువగా వంచొద్దని ఆ డాక్టరుకు నువ్వే గుర్తుచెయ్యి.

ఎకో రిపోర్టు రాగానే ఫోటో తీసి పంపు. రంధ్రం ఉంటే దాని కొలతా, ఊపిరితిత్తుల రక్తనాళాల ఒత్తిడీ రెండూ రాశారో లేదో చూసుకో. రాయకపోతే అక్కడే అడిగి రాయించుకో.

అమ్మ