సూరిగాడికి, ఒక గొంతు గురించి

ఒరేయ్ సూరీ,

నీ ఉత్తరం అందింది. సగం ఉత్తరం ఆ యాడ్ ఏజెన్సీ వాణ్ణి తిట్టడానికే సరిపోయింది. తిట్టాల్సిందేలే. శాంపిల్ అని నీ చేత గంటలకొద్దీ చదివించుకుని, నీ గొంతును కంప్యూటర్‌కి నేర్పి, చీరల కొట్టు ప్రకటనలన్నీ దాంతోనే కానిచ్చేస్తే ఎవడికైనా ఒళ్లు మండుతుంది. మధ్యలో నాకూ రెండు తగిలించావు, అమెరికాలో హాయిగా కూర్చున్నానని. సరే, అవీ తీసుకున్నాను.

చివర్లో అడిగావు చూడు, గొంతును నమ్ముకుని ముసలితనం దాకా బతికినవాడు ఒక్కడన్నా ఉన్నాడా అని. ఉన్నాడ్రా. పేరు డాన్ పార్డో. ఇక్కడి ఎన్‌బీసీ అనే రేడియో, టీవీ కంపెనీలో అనౌన్సర్. 1944లో చేరాడు, 2014లో పోయేదాకా ఆ మైకు వదల్లేదు. తొంభై ఆరేళ్లు బతికాడు, అందులో డెబ్బై ఏళ్లు ఒకే కంపెనీ గొంతు.

నేను ఇక్కడికొచ్చిన కొత్తలో శనివారం రాత్రి పదకొండున్నరకి ఎన్‌బీసీలో "సాటర్డే నైట్ లైవ్" అనే కామెడీ షో పెట్టుకుని కూర్చునేవాణ్ణి. జోకులు సగం అర్థమయ్యేవి కావు, ఇక్కడి రాజకీయాలు తెలిస్తే కదా. కానీ మొదట్లో నటుల పేర్లు చదివే ఆ గొంతు మాత్రం బాగా ఎక్కింది. ఒక్కో పేరునీ సాగదీసి, చివర ఒక విరుపు విరిచి వదిలేవాడు. ఎవడో కుర్రాడు సరదాకి పాతకాలం అనౌన్సర్‌లా నటిస్తున్నాడనుకున్నాను. కాదు, నిజంగానే పాతకాలం అనౌన్సర్. అప్పటికే ఎనభై దాటాడు.

అసలు పేరు డొమినిక్ జార్జ్ పార్డో. 1918 ఫిబ్రవరి 22న మసాచుసెట్స్ రాష్ట్రంలో వెస్ట్‌ఫీల్డ్ అనే ఊళ్లో పుట్టాడు. పోలండ్ నుంచి వలస వచ్చిన కుటుంబం, తండ్రికి బేకరీ. 1938లో రోడ్ ఐలాండ్‌లోని ప్రావిడెన్స్ ఊరి రేడియో స్టేషన్‌లో మొదటి ఉద్యోగం. అక్కణ్ణించి న్యూయార్క్, ఎన్‌బీసీలో స్టాఫ్ అనౌన్సర్. అవి యుద్ధం రోజులు, రేడియోలో యుద్ధ వార్తలు కూడా చదివాడు.

ఈ స్టాఫ్ అనౌన్సర్ అన్న పోస్టు గురించి నీకు కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే నీ ఏడుపుకి మందు అక్కడుంది. మన ఆకాశవాణిలో స్టాఫ్ అనౌన్సర్ లాంటిదే అనుకో. నెల జీతం, షిఫ్టు డ్యూటీ. ఒక చిన్న గది, ఒక మైకు, గోడ గడియారం, చేతిలో ఆ రోజు కార్యక్రమాల కాగితం. ఒక కార్యక్రమం అయిపోయి ఇంకోటి మొదలయ్యే లోపు పది పదిహేను సెకన్లు ఇతనివి. తర్వాత వచ్చేదేంటో చెప్పాలి, ఫలానా సబ్బు కంపెనీ సమర్పిస్తోందని చెప్పాలి. ప్రతి స్టేషనూ గంటకోసారి తన పేరు తాను చెప్పుకోవాలని ఇక్కడ చట్టం, ఆ పేరు పలకాలి. మిగతా టైమంతా కూర్చోవడమే. లైన్ తెగితేనో, కార్యక్రమం ముందే అయిపోతేనో గొంతు విప్పడానికి సిద్ధంగా ఉండాలి.

మనకి పొద్దున్నే ఆకాశవాణి ట్యూన్ మోగేది గుర్తుందా, వాల్టర్ కాఫ్‌మన్ కట్టాడంటారే, శివరంజని ఛాయలో? ఎన్‌బీసీకీ అలాంటిదొకటుంది, మూడే స్వరాలు. మన పద్ధతిలో పాడుకోవాలంటే కింది పంచమం, పై గాంధారం, మళ్లీ షడ్జమం. పా, గా, సా. రేడియో తొలిరోజుల్లో భోజనానికి పిలిచే గంటల్లాంటివి పెట్టుకుని అనౌన్సరే చేత్తో కొట్టేవాడు, తర్వాత యంత్రం వచ్చింది. 1950లో ఆ మూడు స్వరాలనీ ట్రేడ్‌మార్కుగా రిజిస్టర్ చేయించుకున్నారు, అమెరికాలో ధ్వనికి దక్కిన మొదటి ట్రేడ్‌మార్కు అదే. చూశావా, గంటల శబ్దానికి కూడా హక్కు పత్రం ఉంది, నీ గొంతుకి లేదు.

ఒక తేడా మాత్రం నాకు ఎప్పుడూ వింతగా ఉంటుంది. మన దగ్గర "వార్తలు చదువుతున్నది" అనగానే పేరొచ్చేది. పన్యాల రంగనాథరావు, తిరుమలశెట్టి శ్రీరాములు, అద్దంకి మన్నార్. మొహం చూడకపోయినా పేరు తెలుసు, మీ నాన్నగారు వాళ్ల గొంతులు అనుకరించి మనల్ని నవ్వించేవారు కూడా. ఇక్కడ ఆ గదిలో కూర్చున్నవాడికి పేరు కూడా ఉండేది కాదు. వాడు చెప్పాల్సింది కంపెనీ పేరు. అలా ఇరవై ఏళ్లు పనిచేసినా బయట కూరగాయల బజార్లో ఎవడూ గుర్తుపట్టడు.

ఇక 1963 నవంబర్ 22. మధ్యాహ్నం న్యూయార్క్‌లోని ఎన్‌బీసీ టీవీ స్టేషన్లో ఏదో పాత కామెడీ సీరియల్ మళ్లీ వేస్తున్నారు. డ్యూటీలో పార్డో ఉన్నాడు. పావు తక్కువ రెండుకి సీరియల్ ఆగిపోయింది, తెర మీద బులెటిన్ అన్న కార్డు పడింది, దాని వెనక ఇతని గొంతు. డల్లాస్‌లో అధ్యక్షుడు కెన్నెడీ మీద కాల్పులు జరిగాయని. కాల్పులు జరిగి పావుగంటే అయింది. ఆ స్టేషన్ చూస్తున్నవాళ్లకి ఆ కబురు చెప్పింది ఇతనే. టీవీ వాళ్లు ఆ మొదటి నిమిషాలని రికార్డు కూడా చేయలేదు, ఎవరో ఇంట్లో టేపు రికార్డరు పెట్టుకుని ధ్వని పట్టుకున్నారు కాబట్టి ఇవాళ మనం వినగలుగుతున్నాం. విన్నాను నేను. వాక్యాలు చిన్నవి. గొంతు వణకలేదు, అలాగని రాయిలానూ లేదు.

మనకి 1984 అక్టోబర్ 31 ఎలా గడిచిందో నీకు చెప్పక్కర్లేదు. పొద్దున ఇందిరాగాంధీ మీద కాల్పులైతే సాయంత్రం దూరదర్శన్‌లో సల్మా సుల్తాన్ చెప్పేదాకా దేశం మొత్తం బీబీసీ పట్టుకుని కూర్చుంది. అక్కడ అనౌన్సర్లు లేక కాదుగా. చెప్పమనే వాళ్లు లేక. పార్డో చేతికి కాగితం వచ్చింది, చదివాడు. అంతే తేడా.

నేను చెప్పేదేంటంటే, నెలంతా వాడు సబ్బుల పేర్లు చెప్పుకుంటూ ఆ గదిలో కూర్చున్నందుకు జీతం ఇచ్చారనుకుంటాం. కాదు. ఆ పావు తక్కువ రెండు గంటలప్పుడు వాడు ఆ కుర్చీలో ఉన్నందుకు ఇచ్చారు. నీ ఏజెన్సీ వాడు కొన్న యంత్రం చీరలు అమ్ముతుంది, కాదనను. డ్యూటీ అంటే ఏంటో దానికి తెలీదు.

తర్వాత గేమ్ షోల సంగతి, ఇది క్లుప్తంగా కానిస్తా. 1956 నుంచి "ద ప్రైస్ ఈజ్ రైట్" అనే షోలో బహుమతుల వర్ణన ఇతనిదే. కార్లు, ఫ్రిజ్‌లు, బొచ్చు కోట్లు. ఊరించి ఊరించి చెప్పేవాడు. 1963లో ఆ షో పోటీ ఛానెల్‌కి వెళ్లిపోయింది, ఇతను వెళ్లలేదు. ఎన్‌బీసీ మనిషి మరి. 1964లో "జెపర్డీ" మొదలైతే అందులో వేశారు, 1975 మొదట్లో అది ఆగిపోయేదాకా చేశాడు. అప్పటికి యాభై ఏడు నిండబోతున్నాయి. మన లెక్కలో రిటైర్‌మెంట్ ఫైలు కదిలే వయసు.

అసలైన కీర్తి ఆ తర్వాతే వచ్చింది. 1975 అక్టోబర్ 11న లార్న్ మైకేల్స్ అనే కెనడా కుర్రాడు, ముప్ఫై ఏళ్లవాడు, నేను ముందు చెప్పానే, ఆ శనివారం రాత్రి లైవ్ కామెడీ మొదలుపెట్టాడు. కొత్త నటులు, ఎవరినీ లెక్కచేయని జోకులు. వాటి ముందు ఈ సూటూ బూటూ గొంతు. నా ఉద్దేశంలో ఆ షోలో అన్నిటికంటే తెలివైన ఎంపిక అదే. ఆ గొంతు జోక్ వేయదు, అమాయకంగా, మహా గంభీరంగా పేర్లు చదువుతుంది, అందుకే నవ్వొస్తుంది. పార్డో పంథా మార్చుకుని కుర్రాళ్లలా మాట్లాడి ఉంటే రెండో వారమే ఇంటికి పంపేవాళ్లు.

ఆ మొదటి రాత్రే తప్పు చదివాడు, తెలుసా! బృందం పేరు "నాట్ రెడీ ఫర్ ప్రైమ్ టైమ్ ప్లేయర్స్". ఈయన "నాట్ ఫర్ రెడీ ప్రైమ్ టైమ్ ప్లేయర్స్" అన్నాడు. లైవ్‌లో, దేశమంతా చూస్తుండగా, ముప్ఫై ఏళ్ల సర్వీసున్న మనిషి! నువ్వు మొన్న కళ్యాణ మండపంలో వధువు పేరు తారుమారు చేశావని బాధపడకు, పెద్దల దారిలోనే ఉన్నావు.

ఆ తర్వాత 1981–82లో ఒక్క సీజన్ తప్ప చివరిదాకా ఆయనే. కొత్తగా చేరిన నటులకి పార్డో నోట తమ పేరు వినడమే పెద్ద ముచ్చట అని మైకేల్సే చెప్పాడు. 2004లో అరవై ఏళ్ల సర్వీసు తర్వాత ఎన్‌బీసీ నుంచి రిటైరయ్యాడు, ఈ షో మాత్రం వదల్లేదు. అరిజోనాలో టూసాన్‌లో ఇల్లు. షో ఉన్నప్పుడల్లా అక్కణ్ణించి న్యూయార్క్ విమానం ఎక్కేవాడు, ఎనభై అయిదు దాటిన మనిషి. ఇక్కడివాళ్లకి హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్లొచ్చినట్టు కూడా కాదు, దేశం ఈ చివరి నుంచి దాదాపు ఆ చివరికి. 2008లో తొంభయ్యో పుట్టినరోజుకి షో ఆఖర్లో ఆయన్నే తెర మీదకి తెచ్చి కేకు మీద కొవ్వొత్తులు ఊదించారు. 2010 నుంచి ఇంటి దగ్గరే రికార్డు చేసి పంపడం. ఆ ఏడే టెలివిజన్ అకాడమీ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు, అనౌన్సర్లలో మొదటివాడు ఆయనే. 2014 ఆగస్టు 18న పోయాడు. ఆ తర్వాత ఆ పని డారెల్ హామండ్‌కి ఇచ్చారు, అంతకుముందు పార్డోకి ఒంట్లో బాగోనప్పుడు ఆ గొంతు అనుకరించి నెట్టుకొచ్చిన నటుడు అతనే.

ఆయనకి ఎన్‌బీసీ జీవితకాలపు కాంట్రాక్టు ఇచ్చిందని, అలాంటిది బాబ్ హోప్ అనే పెద్ద హాస్యనటుడికీ ఇతనికీ మాత్రమే దక్కిందని ఇక్కడ అందరూ గొప్పగా చెప్పుకుంటారు. నేను దాన్ని చూసి అసూయపడను. అది లాటరీ. నాకు అసూయ ఆ స్టాఫ్ పోస్టు మీద. ఆ రోజుల్లో ఆ గదుల్లో చాలామంది ఉండేవాళ్లు, అందరికీ జీతాలు, వెనక గట్టి యూనియన్. 1937లో రేడియో వాళ్లు పెట్టుకున్నదే, 1952లో టీవీ వాళ్లని కలుపుకుని ఆఫ్ట్రా అనే సంఘమైంది. కంపెనీలు ఆ పోస్టులు ఒక్కొక్కటే ఎత్తేశాయి. ఎన్‌బీసీ రాత్రి వార్తలకి హోవర్డ్ రీగ్ అనే ఇంకో పెద్దాయన గొంతు ఉండేది. ఆయన 2005లో రిటైరైతే, రికార్డు చేసి పెట్టుకున్న గొంతునే 2007 డిసెంబర్ దాకా వాడుకున్నారు. నీకు జరిగింది కొత్తేం కాదు. ఆయన ఒప్పుకుని చేసి వెళ్లాడు, నిన్ను అడగలేదు, అంతే.

ఇప్పుడు పనికొచ్చే మాట. ఇక్కడ 2023లో నటుల సంఘం 118 రోజులు సమ్మె చేసి సాధించుకున్న వాటిలో ఇదొకటి: ఒకరి రూపాన్నో గొంతునో కంప్యూటర్‌లో తయారుచేయాలంటే వాళ్ల అనుమతీ ఉండాలి, డబ్బూ ఇవ్వాలి. మన దేశంలోనూ 2024లో అరిజిత్ సింగ్ బాంబే హైకోర్టుకి వెళ్తే ఆయన గొంతుని అలా వాడొద్దని ఆర్డరిచ్చింది. ఆయన పేరున్న మనిషి, నీది చీరల కొట్టు గొంతు, నిజమే. అయినా ఒక లాయరుకి ఆ ఆర్డరు చూపించి నోటీసు పంపించు. మీ స్టూడియో కుర్రాళ్లందరూ కలిసి పంపితే ఇంకా మంచిది. ఇకముందు శాంపిల్ ఇచ్చేటప్పుడు ఆ కాగితం మీద "ఈ ఒక్క ప్రకటనకే" అని రాసి, వాడి చేత సంతకం పెట్టించు. మొహమాటపడ్డావో, నీ గొంతుతో దీపావళికి బాణసంచా కూడా అమ్మేస్తాడు.

సుజాతకి చెప్పు, తను పంపిన ఆవకాయ అయిపోయింది, జాడీ మాత్రం భద్రంగా ఉంది. సంక్రాంతికి నేనొక్కణ్ణే వస్తున్నాను, పిల్లలకి పరీక్షలు. నీకు మైకు తెమ్మన్నావు, ఏ కంపెనీది, ఏ మోడలో స్పష్టంగా రాసి పంపు. "మంచిది చూసి తీసుకురా" అంటే కుదరదు, ఇక్కడ ఆ కొట్లో మంచివే రెండు వరుసలున్నాయి.

నీ
ప్రసాద్