డిస్కు పోలేదండీ, స్విచ్ తప్పు

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ఆదివారం పేజీలో పాత కంప్యూటర్ల మీద ఒక పాఠకుడి ప్రశ్నకు వచ్చిన జవాబు చదివి ఈ ఉత్తరం రాస్తున్నాను. డాస్ (కమాండ్లు టైపు చేసి నడిపే పాత ఆపరేటింగ్ సిస్టమ్) బాగానే లోడై, రెండో డ్రైవ్ మాత్రం కనపడకపోతే ఆ హార్డ్ డిస్క్ పాడైపోయినట్టేనని, దాని మీద ఆశ వదులుకోమని అందులో చెప్పారు. సరిగ్గా ఆ మాటే మాకు ఒక రిపేరు షాపు అబ్బాయి కూడా చెప్పాడు. రెండూ కలిసొచ్చేసరికి మేం ఆ డిస్కును దాదాపు పాత ఇనుము కింద ఇచ్చేసేవాళ్లమే. అది పాడవలేదండీ. తప్పంతా ఒక లైనులో, ఆ లైను చివర ఉన్న రెండు అంకెల్లో ఉంది.

నేను 1994లో గుంటూరు బ్రాడీపేటలో చిన్న డీటీపీ సెంటర్ పెట్టాను. ఒక 486 మిషను, ఎనిమిది ఎంబీ ర్యామ్, పేజ్‌మేకర్, పెళ్లికార్డులు, కరపత్రాలు, అప్పుడప్పుడు ఎవరైనా పెద్దాయన పద్యాల పుస్తకం. లోపలి డిస్కు నిండిపోతోందని బయట పెట్టుకునే స్కజీ (డిస్కుల్లాంటివాటిని కంప్యూటర్‌కు కలిపే ఒక పాత పద్ధతి) హార్డ్ డిస్క్ ఒకటి కొన్నాను. దాన్ని తగిలించడానికి మిషనులో అడాప్టెక్ వాళ్ల ఏహెచ్‌ఏ-1510 కార్డు వేయించాను. చవక రకం, దాని మీద బయాస్ చిప్ ఉండదు, అంటే మిషను ఆన్ చేయగానే ఆ డిస్కు దానంతటది కనపడదు. డ్రైవర్, అంటే కార్డును నడిపే చిన్న ప్రోగ్రాం, లోడైతేనే కనపడుతుంది. కథంతా ఇక్కడే ఉంది.

మొన్న వేసవిలో, 1996లో మా దగ్గర పుస్తకం వేయించుకున్న ఒక కవిగారి మనవడు వచ్చాడు. తాతగారి పుస్తకం మళ్లీ అచ్చువేయించాలట, అంకుల్ ఫైళ్లేమైనా ఉన్నాయా అన్నాడు. అటక మీద మిషనూ ఉంది, డిస్కూ ఉంది. కాకపోతే ఆ మధ్య లోపలి సి డ్రైవ్ మొరాయిస్తే రిపేరుకిచ్చాం, ఆ అబ్బాయి ఫార్మాట్ కొట్టి డాస్ మళ్లీ వేసి, డ్రైవర్ల ఫ్లాపీ నుంచి ఫైళ్లు ఎక్కించి, కాన్ఫిగ్.సిస్ (మిషను లేవగానే ఏ డ్రైవర్లు ఎక్కించాలో డాస్‌కు చెప్పే ఫైలు) లైన్లు మాత్రం వేరే మిషనులోంచి దించాడు. ఆన్ చేస్తే సి వచ్చింది, డి రాలేదు.

ఆ లైను ఇలా ఉంది (తెలుగులో రాస్తున్నాను, టైపు చేసేది ఇంగ్లిష్ అక్షరాలే): డివైస్=సి:\స్కజీ\ఏఎస్‌పీఐ2డాస్.సిస్ /డి /పి340 /క్యూ11. దాని కింద ఏఎస్‌పీఐడిస్క్.సిస్ లైను. మొదటిది కార్డుతో మాట్లాడే డ్రైవర్, రెండోది దాని ద్వారా డిస్కును చూపించే డ్రైవర్. గీత గీసి పెట్టే ఆ అక్షరాలనే స్విచ్‌లంటారు. స్విచ్ తప్పుగా ఉందిరా అని నేనంటే మనవడు పాపం ప్లగ్ బోర్డు వైపు చూశాడు.

పి అంటే పోర్టు, కార్డుతో మాట్లాడే అడ్రసు. క్యూ అంటే ఇంటరప్ట్ నంబరు, అంటే పని అయ్యాక కార్డు ప్రాసెసర్‌ను పిలిచే లైను. ఈ రకం కార్డు మీద పోర్టు 340 గానీ 140 గానీ పెట్టుకోవచ్చు, జంపర్ అనే చిన్న క్లిప్పు పీకి పెట్టడమే. ఇప్పటి కంప్యూటర్లలాగా కార్డు ఎక్కడుందో విండోసే వెతుక్కునే కాలం కాదది. జంపర్ ఏం చెబుతోందో స్విచ్ కూడా అదే చెప్పాలి. జంపర్ 140లో ఉండి స్విచ్ 340 అంటే, డ్రైవర్ వెళ్లి ఖాళీ ఇంటి తలుపు తట్టి వచ్చేస్తుంది. ఖాళీ ఇల్లయితే నయం, ఆ అడ్రసులో వేరే కార్డు కాపురముంటే మిషను అక్కడికక్కడే బిగుసుకుపోవచ్చు కూడా.

సమస్య ఎలా పట్టుకున్నానో చెబుతాను, ఎందుకంటే మీ జవాబులో ఇదే లేదు. ఎంఎస్-డాస్ 6లో, మిషను లేచేటప్పుడు స్టార్టింగ్ అని పడగానే ఎఫ్8 నొక్కితే కాన్ఫిగ్.సిస్‌లోని ఒక్కో లైనూ వెయ్యనా వద్దా అని అడుగుతూ పోతుంది. అలా ఒక్కోదానికీ వై కొట్టుకుంటూ వెళ్లాను. మొదటి లైను దగ్గరే కార్డు దొరకలేదని ఒక ముక్క చెప్పి డ్రైవర్ దిగిపోయింది. తర్వాతి లైను, ఏఎస్‌పీఐడిస్క్, తనకు ముందు లోడవ్వాల్సిన మేనేజర్ (ఆ మొదటి డ్రైవరే) లేదని అదీ దిగిపోయింది. మామూలుగా లేపినప్పుడు ఇవన్నీ బుర్రుమని పైకి జారిపోయి, మన కంటికి ఆఖరి ముక్క మాత్రమే ఆనుతుంది. ఆ ఆఖరి ముక్కలో డిస్క్ అనే మాట ఉంది కాబట్టి డిస్కు పోయిందనుకున్నాడు షాపు అబ్బాయి. అతన్నీ తప్పుపట్టలేం, ఆ మిషను తయారైన ఏటికి పుట్టి ఉండడు. కానీ డిస్కు పెట్టె దగ్గర చెవి పెడితే లోపల తిరుగుతున్న చప్పుడు వినపడుతూనే ఉంది.

మరి అసలు అడ్రసు ఏది? మిషను విప్పి జంపర్లు చూడొచ్చు గానీ వాటి అర్థం చెప్పే కాగితం ఎప్పుడో పోయింది. చివరికి 1996 పెళ్లికార్డుల ఆర్డర్ పుస్తకంలో, టోనర్ ఖర్చు కింద, నా చేతిరాతే: స్కజీ 140, 10, మార్చొద్దు. అప్పుడు గుర్తొచ్చింది. రెండు మిషన్లకూ ఒకటే లేజర్ ప్రింటర్ వాడుకుందామని నెట్‌వర్క్ కార్డు వేశాం, అది 340నీ 11నీ పట్టుకు కూర్చుంది, అందుకని స్కజీ కార్డును పక్కకు జరిపాం. నెట్‌వర్క్ కార్డు ఎప్పుడో తీసేశాం, జంపర్ మాత్రం అక్కడే ఉండిపోయింది.

కాన్ఫిగ్.సిస్‌ను ఎడిట్ ప్రోగ్రాంలో తెరిచి /పి140 /క్యూ10 చేసి రీబూట్ కొట్టాను. /డి స్విచ్ ఉండబట్టి తెర మీద వివరాలు పడ్డాయి, వాటిలో డిస్కు కంపెనీ పేరు చూడగానే మనవడు లేచి నిలబడ్డాడు. డి డ్రైవ్ వచ్చింది. ఎక్స్‌కాపీ (ఫోల్డర్లతో సహా కాపీ చేసే కమాండ్) కొట్టి, /ఎస్ /ఇ /వి తగిలించి మొత్తం సి డ్రైవ్‌లోకి దింపాం. ఆ సి డిస్కును ఊడదీసి యూఎస్‌బీ కన్వర్టర్‌తో ల్యాప్‌టాప్‌కి పెడితే అన్నీ చక్కగా చదివింది.

ఈ /డి గురించి ఒక మాట. ఏఎస్‌పీఐ2డాస్‌లో /డి అంటే వివరాలు చూపించు అని. అదే స్కజీ సీడీ డ్రైవ్ కోసం వేసే ఏఎస్‌పీఐసీడీ.సిస్‌లో /డి: అంటే డ్రైవ్‌కు పెట్టే పేరు, మామూలుగా ఏఎస్‌పీఐసీడీ0 అని పెడతారు. ఆ పేరే, మిషను లేవగానే కమాండ్లను వరసగా నడిపే ఆటోఎగ్జెక్.బ్యాట్‌లో ఎంఎస్‌సీడెక్స్ (సీడీకి డ్రైవ్ అక్షరం ఇచ్చే ప్రోగ్రాం) దగ్గర /డి: పక్కన అక్షరం పొల్లుపోకుండా మళ్లీ రాయాలి, ఒకచోట సున్నా కొట్టి రెండోచోట ఓ కొడితే సీడీ రాదు. అక్కడే /ఎల్: పెట్టి ఏ అక్షరం కావాలో చెప్పొచ్చు, డ్రైవ్ అక్షరాలు ఎందాకా వాడొచ్చో చెప్పే లాస్ట్‌డ్రైవ్ లైను ఆ అక్షరానికి చాలకపోతే అదీ రాదు. ఒకే అక్షరానికి రెండు పుస్తకాల్లో రెండు అర్థాలు. ఇలా పెట్టినవాళ్లను అప్పట్లో ఎన్ని తిట్టుకున్నానో రాస్తే మీరు అచ్చు వెయ్యరు.

మీ పాఠకుడి దగ్గరున్నది నాలాంటి చవక కార్డు కాకుండా ఏహెచ్‌ఏ-1542 లాంటిదైతే ఇంకో జాగ్రత్త ఉంది. ఆ రకం ప్రాసెసర్‌ను అడగకుండా డీఎంఏ ద్వారా నేరుగా మెమరీలోకి రాసేస్తుంది. ఈఎంఎం386 అనే మెమరీ సర్దే డ్రైవర్ నడుస్తుంటే మెమరీ అడ్రసులు అటూ ఇటూ మారి ఉంటాయి, కార్డుకు ఆ సంగతి తెలియదు, ఒకచోట రాయాల్సింది ఇంకోచోట రాస్తుంది. అందుకే కాన్ఫిగ్.సిస్‌లో స్మార్ట్‌డ్రైవ్‌కు డబుల్ బఫర్ (రాసేదాన్ని మధ్యలో సురక్షితమైన చోట నిలిపి పంపడం) అనే స్విచ్ పెట్టేవాళ్లం. కార్డు మీద బయాస్ కూడా ఉంటుంది కాబట్టి, అది కూర్చున్న చోటును ఈఎంఎం386 లైనులో ఎక్స్= అని రాసి వదిలేయమని చెప్పాలి, 1542కి మామూలుగా డీసీ00 దగ్గర ఉంటుంది. కానీ పాత ఫైళ్లు దించుకోవడమే పనైతే ఇంత గొడవెందుకు, ఈఎంఎం386 లైను ముందు ఆర్ఈఎం అని రాసి దాన్ని పక్కన పెట్టేయండి. ఫైళ్లు దించడానికి అదేమీ అక్కర్లేదు.

డాస్ వద్దు, లినక్స్ వేస్తాం అనే కుర్రాళ్లకు కూడా తప్పించుకునే దారి లేదు లెండి. నా కార్డు చిప్‌కు అక్కడున్న డ్రైవర్ పేరు ఏహెచ్‌ఏ152ఎక్స్, బూట్ లైనులో దాని పక్కన పోర్టు, ఇంటరప్ట్, కార్డు ఐడీ వరసగా కామాలు పెట్టి ఇవ్వాలి. నా కార్డుకైతే 140, 10, 7. మళ్లీ అవే అంకెలు.

కాబట్టి నేను మీ పత్రికను అడిగేది ఇది. ఆ జవాబు కింద ఒక సవరణ వేయండి. ప్రింటింగ్ ప్రెస్సుల్లో, గ్రంథాలయాల్లో, పాత ఆఫీసుల్లో ఇలాంటి మిషను ఇంకా ఒక్కటైనా లేచేది ఉంటే, సామాన్లవాడికి ఇచ్చేముందు కాన్ఫిగ్.సిస్, ఆటోఎగ్జెక్.బ్యాట్ రెండూ టైప్ కమాండ్‌తో తెర మీదికి తెచ్చి ఫోనుతో ఫోటో తీసుకోమనండి, మూత తీసి కార్డు మీది జంపర్లు కూడా ఒక ఫోటో. డ్రైవర్ల ఫ్లాపీ ఉంటే పారెయ్యొద్దనండి. డిస్కును అందరూ బీరువాలో పట్టుబట్టలో చుట్టి దాచుకుంటున్నారు గానీ దాన్ని తెరిచే లైనును ఎవరూ దాచడం లేదు, అదే బాధ. నేనిప్పుడు 140, 10 అని పెద్దక్షరాలతో రాసి ఆ కాగితాన్ని కేబినెట్ లోపలివైపు గోధుమరంగు టేపుతో అంటించాను.

కవిగారి పుస్తకం సంగతి అడుగుతారేమో. పేజీలన్నీ తెరుచుకున్నాయి, పేజీల నిండా పిచ్చి గుర్తులు. అప్పట్లో వాడిన తెలుగు ఫాంటు ఇప్పుడు ఎవరి దగ్గరుందో వెతుకుతున్నాం. మనవడు మాత్రం ఒక కందపద్యం లైన్ల పొడవు చూసి ఇది ఫలానాదని కనిపెట్టేశాడు.

ఇట్లు,
ఒకప్పటి డీటీపీ ఆపరేటర్,
గుంటూరు