మొన్న శనివారం మమ్మల్ని కిందకి దింపినవాళ్ళందరికీ

అందరికీ నమస్కారం. మూడు రోజులుగా ఎవరి ఫోన్లూ ఎత్తలేదు, ఏమనుకోకండి, ఇద్దరం బానే ఉన్నాం.

ఇక్కడ మిచిగన్‌లో శనివారం పొద్దున్న మైనస్ 12, నేనూ మా ఆవిడా ఫ్లయింగ్ క్లబ్ వాళ్ళ చిన్న విమానం, సెస్నా 172, తీసుకుని పక్క ఊళ్ళో లంచ్ చేసొద్దామని బయల్దేరాం, చలికి తట్టుకోలేక హీటర్ నాబ్ మొత్తం బయటికి లాగేశా. ఇరవై నిమిషాలకి తనకి కడుపులో తిప్పడం మొదలైంది, నాకు నుదురంతా బరువు, టిఫిన్ తినకుండా కాఫీ ఒక్కటే తాగి వచ్చాం కదా అందుకే అనుకున్నాం. వాసనేం రాలేదు. అప్పుడు నా బ్యాగ్‌కి తగిలించిన కార్బన్ మోనాక్సైడ్ (ఇంజిన్ పొగలో ఉండే, వాసన లేని విషవాయువు) డిటెక్టర్ కూయడం మొదలెట్టింది, చూస్తే 180 పీపీఎమ్ (గాలిలో పది లక్షల వంతుల్లో 180) దాటింది, అయ్యగారు ఏం చేశారంటే చలికి ఇది చెడిపోయినట్టుంది అనుకుని దాన్ని ఆఫ్ చెయ్యబోయారు!

ఆపింది మా ఆవిడ. "అది మోగితే ముందు హీటర్ ఆపమని అన్నయ్యగారు చెప్పలేదూ" అని గట్టిగా అరిచింది. హీటర్ మూసి, గాలి వెంట్‌లూ కిటికీ తెరిచి, వణుకుతూ దగ్గర్లోని ఎయిర్‌పోర్ట్ వైపు తిప్పా. మొదటి థాంక్స్ తనకే, ఇంట్లో ఇప్పటికే వంద సార్లు చెప్పించుకుంది.

ఆ అన్నయ్య మా క్లబ్‌లో ఉండే మన నెల్లూరు అన్న. ఈ విమానాల్లో హీటర్‌కి వేరే ఏర్పాటేం ఉండదు, సైలెన్సర్ చుట్టూ రేకు తొడుగు వేసి అందులోంచి వచ్చే వేడిగాలే లోపలికి వదులుతారు, సైలెన్సర్‌కి చీలిక వస్తే ఇంజిన్ పొగ కూడా దాంతోపాటే వచ్చేస్తుంది. ఆక్సిజన్ కంటే 200 రెట్లకి పైగా గట్టిగా రక్తాన్ని పట్టుకుంటుందట ఈ గ్యాస్. 2019 జనవరిలో ఇంగ్లిష్ ఛానల్‌లో కూలిన విమానంలో పోయిన ఫుట్‌బాలర్ ఎమిలియానో సాలా రక్తంలోని హిమోగ్లోబిన్‌లో 58 శాతాన్ని ఇదే పట్టేసిందని అన్న ఎప్పుడో మెసేజ్ పెట్టాడు. అమెరికాలో 1982 నుంచి 2020 దాకా దీనివల్ల 31 ప్రమాదాలై 42 మంది పోతే, ఆ విమానాల్లో డిటెక్టర్ ఉన్నది ఒక్కదాంట్లోనే అని ఇంకోటి పెట్టాడు. నేను రెండిటికీ బొటనవేలు బొమ్మ కొట్టి ఊరుకున్నా. ఇక లాభం లేదని తన డిటెక్టర్ తెచ్చి నా బ్యాగ్‌కి కట్టేసి పోయాడు. ఈ గ్యాస్ తగిలితే రంగు మారే బిళ్ళ ప్యానెల్‌కి అంటించి ఉందిగా అనుకునేవాణ్ణి, అది ఎక్స్‌పైర్ అయి ఎన్నాళ్ళయిందో, తప్పు నాదే.

ఆ ఎయిర్‌పోర్ట్ కంట్రోల్ టవర్‌లో ఉన్న ఆవిడకి చాలా రుణపడిపోయా. ఎమర్జెన్సీ అనే మాట చెప్పడానికి నేను మొహమాటపడుతుంటే (ఎందుకో నాకే తెలీదు) ఆవిడే అడిగి ఎమర్జెన్సీ కింద రాసుకుంది, ఒక్కోసారి ఒక్క పనే చెప్పింది, రన్‌వే ఖాళీ చేయించి అంబులెన్స్‌ని రెడీగా పెట్టించింది.

ఆసుపత్రిలో వేలికి పెట్టిన ఆక్సిమీటర్ 98 చూపించింది, చూశారా నాకేం కాలేదు ఇంటికి పోతా అని వాదించా. డాక్టర్ నవ్వి, ఆ మిషన్‌కి ఆక్సిజన్‌కీ ఈ గ్యాస్‌కీ తేడా తెలీదయ్యా అని రక్తపరీక్ష చేయించి ఇద్దరికీ మాస్క్ తగిలించారు. మామూలు గాలిలో ఊరికే కూర్చుంటే రక్తంలోని ఈ గ్యాస్ సగం పోడానికే నాలుగైదు గంటలు, ఆక్సిజన్‌తో గంటా గంటన్నర అట. నర్సమ్మలకి కూడా దండాలు, నా వాగుడు భరించారు.

మెకానిక్ తాత తొడుగు విప్పి, వాక్యూమ్ క్లీనర్‌ని వెనక్కి తిప్పి ఎగ్జాస్ట్‌లోకి గాలి కొట్టి సబ్బునీళ్ళు పూశాడు. గోరంత చీలిక, బుడబుడా బుడగలు. వీడియో తీసి పంపాడు, మా ఆవిడ దాన్ని రెండు కుటుంబాల గ్రూపుల్లోనూ పెట్టేసింది, అమ్మ ఇంకా నాతో మాట్లాడట్లేదు.

అన్నా, నీ డిటెక్టర్ తిరిగి ఇవ్వను. నీకు కొత్తది ఆర్డర్ పెట్టా, గురువారం వస్తుంది, సంతకం పెట్టి తీస్కో.